కొలత ఎవరి చేతిలో? – ఇంటీరియర్ పనుల్లో కొత్త యంత్రాలు, మన యూనియన్ల కర్తవ్యం

భిలాయి ఉక్కు పట్టణానికి దక్షిణాన, దుర్గ్ జిల్లాలో ఉతై అనే చిన్న పట్టణం ఉన్నది. ప్రతి ఉదయం అక్కడినుండి సైకిళ్ళమీద, మోటారు సైకిళ్ళమీద టౌన్‌షిప్ సెక్టార్లకు, రిసాలీకి, నెహ్రూనగర్‌కు బయలుదేరే శ్రామికులలో వడ్రంగులు, పాలిష్ పనివారు, రంగులు వేసేవారు, ఫాల్స్ సీలింగ్ కట్టేవారు ఉంటారు. ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారితోపాటు తండ్రుల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు కూడా వీరిలో ఉన్నారు. ఉక్కు కర్మాగారం గేటు లోపలి కార్మికుని గురించి మన బులెటిన్ పుటలు పుటలుగా వ్రాసింది. ఆ కార్మికుని ఇంటి లోపల అల్మారా కట్టిన కార్మికుని గురించి మాత్రం దాదాపు ఏమీ వ్రాయలేదు. ఈ వ్యాసం ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం.

ఇటీవల మేము ఈ పనివారితో జరిపిన ఒక సమావేశంలో ముప్ఫై ఏళ్ళుగా ఉలి పట్టిన ఒక తెలుగు మేస్త్రీ లేచి ఇలా అన్నాడు: "అన్నగారూ, పని పోలేదు. పనిలో నేను పోయాను. ఇదివరకు గది చూసి కొలత నేను తీసేవాణ్ణి. చెక్క ఎంత కావాలో నేను చెప్పేవాణ్ణి. ఇప్పుడు పెట్టెల్లో ముక్కలొస్తాయి, వాటిమీద నంబర్లుంటాయి. నంబరు చూసి మర బిగించి రావాలి. కాని గోడ వంకరగా ఉంటే మాత్రం అందరూ నావైపే చూస్తారు. ఆ చూపుకు కూలి ఎవరిస్తారండీ?"

ఆ సమావేశంలో మేము చేసిన ఉపన్యాసాలన్నిటికంటె ఈ నాలుగు మాటలలో ఎక్కువ రాజకీయార్థశాస్త్రం ఉన్నది. మేము చెప్పదలచినదంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

మారినదేమిటి?

ముందుగా మార్పును ఉన్నదున్నట్లు చూద్దాం. ఇదివరకు ఇంటి యజమాని మేస్త్రీని పిలిచేవాడు. మేస్త్రీ టేపుతో గది కొలిచి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్డు షీట్లు ఎన్ని కావాలో, ఏ ముక్కను ఏ షీటులో కోస్తే వృథా తగ్గుతుందో లెక్కకట్టేవాడు. సామాను ఆ ఇంటికే వచ్చేది. కోత, చిత్రిక, అతుకు, సన్‌మైకా అంటించడం, పాలిష్, సమస్తమూ అక్కడే జరిగేవి. వారాల తరబడి సాగే ఆ పనిలో మేస్త్రీ, ఇద్దరు ముగ్గురు పనివారు, పని నేర్చుకొనే ఒక కుర్రవాడు బ్రతికేవారు.

నేడు కంపెనీ ప్రతినిధి లేజరు పరికరంతో వచ్చి నిమిషాలలో కొలతలు తీసుకొని పోతాడు. కంప్యూటరు తెరమీద వంటగది త్రిమితీయ చిత్రం సిద్ధమవుతుంది. ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్ 1982లోనే వచ్చింది. అప్పటినుండి గీతపని క్రమంగా కాగితంనుండి కంప్యూటరులోకి మారుతూనే ఉన్నది. అయితే ఆ గీతను చదివి చెక్కగా మార్చే పని చాలాకాలం మేస్త్రీ చేతిలోనే మిగిలింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ గీతతో ఆగదు. ఖాతాదారు "సరే" అన్న తరువాత అదే అల్మారాను పలకలుగా విడగొడుతుంది. ఏ పలకకు ఎన్ని రంధ్రాలు, బందు ఎక్కడ, అంచుపట్టీ ఏవైపు, షీటులో ఏ ముక్క పక్కన ఏ ముక్కను పరచాలి అన్న జాబితాను తయారుచేసి నేరుగా కర్మాగారంలోని యంత్రానికి అందజేస్తుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత యూరపులో రూపొందిన 32 మిల్లీమీటర్ల పద్ధతి, అనగా రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఎప్పుడూ అదే దూరం పాటించే పద్ధతి, ఈ ఏర్పాటుకు పునాది. రంధ్రం ప్రమాణం స్థిరపడితే పలకను ఒక ఊరిలో కోసి మరొక ఊరిలో బిగించవచ్చును. యంత్రపు రంపం కోస్తుంది, సి.ఎన్.సి. రౌటర్ చెక్కుతుంది, మరొక యంత్రం అంచుపట్టీ అంటిస్తుంది. ప్రతి పలకకూ బార్‌కోడు చీటీ పడుతుంది. పెట్టెలు లారీ ఎక్కి భిలాయి చేరుతాయి. ఉతైనుండి వచ్చిన మన మేస్త్రీ వాటిని విప్పి, చీటీ చూసి, బిగిస్తాడు. అతనికి రోజుకూలి ఉండదు. చదరపు అడుగుకు ఇంత అని బిగింపు రేటు ఉంటుంది.

ఇది ఒక్క భిలాయి విషయం కాదు. 2018 ఆగస్టులో ఐకియా సంస్థ మనదేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాదులో తెరచింది. విడి పలకలుగా కొని ఇంటిదగ్గర బిగించుకొనే సామాను అప్పటినుండి తెలుగు మధ్యతరగతికి మరింత సుపరిచితమైంది. విశాఖ, విజయవాడ, వరంగల్ నగరాలలో ఇంటీరియర్ పనిచేసే మన పాఠకులు తమ అనుభవాన్ని పై వర్ణనతో పోల్చి చూసుకోవచ్చును.

2022 తరువాత ఈ వరుసలో కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది. ఫోనుతో గదిని ఫోటో తీసి నాలుగు మాటలు చెబితే చాలు, అదే గదికి పది రకాల అలంకరణలు చిత్రించి ఇస్తుంది. ఆ చిత్రంలో దూలం మాయమై ఉండవచ్చు, స్విచ్చిబోర్డు ఉండవలసినచోట అద్దం ఉండవచ్చు. ఖాతాదారుకు అవేవీ పట్టవు, చిత్రం నచ్చుతుంది. ఇంతవరకు రాత్రింబవళ్ళు కూర్చొని అటువంటి చిత్రాలను తయారుచేసి జీతం తెచ్చుకొన్న యువతీయువకులకు ఇది పిడుగుపాటు. డిప్లొమా పుచ్చుకొని రాయపూరులోనో హైదరాబాదులోనో డిజైను కార్యాలయంలో కుదిరిన డ్రాఫ్ట్స్‌మన్ నిన్నటివరకు తనను తాను "ఉద్యోగి" అనుకొన్నాడు, వడ్రంగిని "పనివాడు" అనుకొన్నాడు. యంత్రం ఆ ఇద్దరి మధ్య తేడా చూడడంలేదు. ఉలి పట్టిన చేతికీ, మౌసు పట్టిన చేతికీ ఒకే నోటీసు అందుతున్నది.

నైపుణ్యం పోయిందా, నైపుణ్యానికి కూలి పోయిందా?

యాజమాన్యాల ప్రచారకులు ఒక మాట పదేపదే అంటున్నారు: "ఇక నైపుణ్యం అవసరం లేదు, యంత్రమే చేస్తుంది, కాబట్టి బిగింపు పనికి పెద్ద కూలి ఎందుకు?" దీనిని మనం వాస్తవాలతో ఎదుర్కోవాలి.

టౌన్‌షిప్‌లోని పాత క్వార్టర్లను తీసుకోండి. భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది 1959 ఫిబ్రవరి 4న. ఆ కాలంనుండి దశాబ్దాలపాటు కట్టిన గోడలివి. వీటిలో తూకుగుండు వేసి చూస్తే నిట్టనిలువుగా నిలిచే గోడలు ఎన్ని? కింద ఒక కొలత, పైన ఒక కొలత. మూల తొంభై డిగ్రీలు ఉండదు. నేల ఒకవైపు వాలి ఉంటుంది. లేజరు పరికరం ఒకచోట కొలిచి పోయింది, ఫైలు ఆ కొలతను నమ్మింది, కర్మాగారం ఆ ఫైలును నమ్మి పలక కోసింది. పెట్టె విప్పి నిలబెట్టేసరికి పలక పట్టదు. మేస్త్రీ కంపెనీకి ఫోను చేస్తాడు. "అది సైటు సమస్య, అక్కడే సర్దుబాటు చెయ్యండి" అని సమాధానం వస్తుంది. అప్పుడు ఆ మేస్త్రీ సంచీలోనుండి తన పాత మూలమట్టాన్ని, చిత్రికను, ఉలిని బయటకు తీస్తాడు. గోడ వంపును పట్టీమీదకు దింపుకొని, ఆ వంపు ప్రకారం పలక అంచును అరగదీసి, సందు కనపడకుండా కూర్చుతాడు. ముప్ఫై ఏళ్ళ విద్య ఆ అరపూట పనిలో ఉన్నది. ఆ అరపూటకు కూలి లేదు. అంచు చిట్లితే మాత్రం బిల్లులో కోత ఉన్నది.

కనుక నైపుణ్యం అనవసరమైపోయిందనడం పచ్చి అబద్ధం. నైపుణ్యం అవసరం నేటికీ ఉన్నది, దానికి కూలి చెల్లించడం మానివేశారు. పూర్వం కొలత మేస్త్రీ తలలో ఉండేది కనుక మేస్త్రీతో బేరమాడక తప్పేది కాదు. ఇప్పుడు కొలత ఫైలులోకి పోయింది, ఫైలు కంపెనీ సొత్తయింది. కొలత ఎవరి చేతిలో ఉంటే బేరం వారి చేతిలో ఉంటుంది. ఈ రంగంలో "సాంకేతిక విప్లవం" అని పిలువబడుతున్నదాని సారాంశం ఇదే.

ఇందులో రెండవ నష్టం మరింత లోతైనది. పని ఇంటిదగ్గర వారాల తరబడి సాగినప్పుడు కుర్రవాడు మేస్త్రీ పక్కన కూర్చొని నేర్చుకొనేవాడు. రంపం ఎలా పట్టాలో, చెక్క నారను చూసి చిత్రిక ఎటు తోయాలో అలా చేతినుండి చేతికి వచ్చేది. రెండు రోజులలో ముగిసే బిగింపు పనిలో కుర్రవాడికి చోటు లేదు. ఇప్పటి మేస్త్రీలు పని మానిన తరువాత వంకర గోడకు పలక కూర్చేవాడు దొరకడు. అప్పుడు ఇవే కంపెనీలు "నిపుణులైన కార్మికుల కొరత" అంటూ ప్రభుత్వం దగ్గర రాయితీల కోసం చేయి చాపుతాయి. చెట్టు కొట్టినవాడే నీడ లేదని ఏడ్చినట్లుంటుంది.

దుమ్ము ఎవరి ఊపిరితిత్తులలోకి?

కొత్త సామానుతో కొత్త వ్యాధులు కూడా ఇంటిలోకి వస్తున్నవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క పొడిని 1995లోను, ఫార్మాల్డిహైడ్‌ను 2004లోను మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొడిచేసిన చెక్కను అతికించి తయారుచేసే ఎం.డి.ఎఫ్. పలకలలో వాడే జిగురులో తరచుగా ఉండేది ఈ ఫార్మాల్డిహైడే. కర్మాగారంలో యంత్రానికి దుమ్ము పీల్చే గొట్టం ఉంటుంది. మూసిన గదిలో చేతి మిషనుతో "సర్దుబాటు" చేసే మేస్త్రీకి మెడలో తుండుగుడ్డ తప్ప మరేమీ ఉండదు.

వంటగది గట్టుమీద పరచే కృత్రిమ క్వార్ట్జ్ రాయి సంగతి ఇంకా ఘోరం. దానిలో అత్యధిక భాగం సిలికా. దానిని పొడిగా కోసినప్పుడు లేచే దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. ఆస్ట్రేలియాలో యువకార్మికులు ఈ వ్యాధికి బలైన తరువాత అక్కడి యూనియన్లు ఆందోళన సాగించాయి. ఫలితంగా ఆ దేశం 2024 జూలై 1 నుండి ఆ రాయి తయారీని, సరఫరాను, కోతను, అమరికను నిషేధించింది. ఒక దేశంలో చట్టం నిషేధించిన రాయిని మన దేశంలో "ప్రీమియం ఫినిష్" అని అమ్ముతున్నారు. దానిని కోసేవానికి తడికోత యంత్రమైనా, సరియైన మాస్కయినా ఇవ్వని కంట్రాక్టరును అడిగేవారు లేరు.

యంత్రాన్ని విరగ్గొట్టడమా, యంత్రానికి మొక్కడమా?

మన శ్రేణులలో కూడా రెండు తప్పుడు ధోరణులు ఉన్నవి. మొదటిది, ఈ యంత్రాలను అడ్డుకొంటే చాలుననే ధోరణి. రెండవది, కాలం మారింది, కార్మికుడే మారాలి, మనం చేయగలిగిందేమీ లేదనే ధోరణి. రెండూ చివరికి ఒకేచోటికి, అనగా కార్మికుని ఒంటరితనానికే దారితీస్తవి.

1811, 1812 సంవత్సరాలలో ఇంగ్లండులోని నాటింగ్‌హాం ప్రాంతంలో మేజోళ్ళ నేతపనివారు మగ్గాలను విరగ్గొట్టారు. యంత్రమంటే భయపడిన మూర్ఖులుగా వారిని పాలకవర్గ చరిత్ర చిత్రించింది. నిజానికి రేట్లు తగ్గించి, పని నేర్వనివారితో నాసిరకం సరుకు తీయించే యజమానులమీదనే వారి ఆగ్రహం. అయినా ప్రభుత్వం 1812లో మగ్గం విరగ్గొట్టడాన్ని మరణశిక్షకు తగిన నేరంగా చట్టం చేసింది. వారి కోపం న్యాయమైనది. కాని చట్టబద్ధమైన సంఘం లేని కోపం ఉరికంబం దగ్గర ఆగిపోయింది.

అంత దూరం పోనక్కరలేదు. భిలాయి చుట్టూ ఉన్న గనులే మనకు పాఠశాలలు. బస్తర్‌లోని బైలదిలా గనులలో యాంత్రీకరణవల్ల చేతిపని కార్మికులకు ఉద్వాసన ముంచుకొచ్చినప్పుడు ప్రతిఘటన చెలరేగింది. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ గనుల ఖనిజమే రైలు మార్గాన విశాఖకు చేరేది. విశాఖ రేవులో ఆ ఖనిజాన్ని చూసిన తెలుగు కార్మికులకు ఆ రక్తం సంగతి తెలియజెప్పవలసిన బాధ్యత ఇప్పటికీ మనదే.

భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో మరొక మార్గం కనిపించింది. 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పూర్తి యాంత్రీకరణకు బదులు అర్ధ యాంత్రీకరణ అనే ప్రతిపాదనను యాజమాన్యం ముందుంచింది. ఏ ప్రక్రియకు యంత్రం కావాలి, ఏ ప్రక్రియను మనుషులు చేస్తే ఉత్పత్తికి లోటు రాదు అన్న లెక్కను కార్మికులే వేసి చూపారు. యంత్రం వద్దనలేదు, యంత్రాన్ని యజమాని ఒక్కడే నిర్ణయించరాదన్నారు. ఆ సంఘం నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉండగా హత్య చేయబడ్డాడు. ఆయన జెండా వేరు, మన జెండా వేరు. పాఠం మాత్రం అందరిదీ.

జాతీయస్థాయిలో కూడా ఒక ప్రమాణం ఉన్నది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభలో హేతుబద్ధీకరణపై మూడు షరతులను ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు అంగీకరించాయి. ఉన్న కార్మికులకు ఉద్వాసనగాని సంపాదనలో నష్టంగాని ఉండరాదు. లాభాలను న్యాయంగా పంచుకోవాలి. పనిభారాన్ని సరిగా అంచనా వేసి పని పరిస్థితులను మెరుగుపరచాలి. ఆరు దశాబ్దాలు దాటినా ఈ షరతులు పాతబడలేదు, వాటిని అమలు జరపాలన్న పట్టుదలే సన్నగిల్లింది.

చట్టం కళ్ళకు కనిపించని కార్మికుడు

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9-ఎ సెక్షను ప్రకారం, ఉద్వాసనకు దారితీయగల యంత్రమార్పు తలపెట్టిన యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉండేది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలోని పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఆ నోటీసు నియమం మిగిలింది. కాని నోటీసు ఎవరికి ఇస్తారు? ఉతై మేస్త్రీ ఏ కంపెనీ హాజరుపట్టీలోను లేడు. కంపెనీ దృష్టిలో అతను "భాగస్వామి", ఠేకేదారు దృష్టిలో "రోజువారీ మనిషి", ఇంటి యజమాని దృష్టిలో "కంపెనీ మనిషి". అందరికీ అతనితో పనే, ఎవరికీ అతని బాధ్యత లేదు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు 18 నుండి 60 ఏళ్ళ మధ్య వయస్సు, గత 12 నెలలలో 90 రోజుల పని చూపాలి. ఈ ఏర్పాటు 1996 చట్టంతో వచ్చింది. పాత పద్ధతిలో ఒక ఇంట్లో నెల, మరొక ఇంట్లో నెల చేసిన వడ్రంగికి ఆ ఇంటివారు సంతకం చేసేవారు. రెండు రోజులకొక ఇల్లు మారే బిగింపు పనివాడు 90 రోజులకు ఎందరి సంతకాలు తేవాలి? కంపెనీ యాప్‌లో మాత్రం అతను ఏ రోజు, ఏ గంటకు, ఏ ఇంటిలో ఉన్నాడో నమోదయ్యే ఉంటుంది. జరిమానాకు పనికివచ్చే ఆ లెక్క సంక్షేమానికి ఎందుకు పనికిరాదు?

ఇక ప్రభుత్వం చూపే పరిష్కారం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకం. 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. కొద్ది రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతలుగా 3 లక్షల వరకు రుణం. పనిముట్లు ఇవ్వడం మంచిదే, మన సభ్యులు తప్పక తీసుకోవాలి. కాని లక్షలు పోసి కొనే యంత్రాలతో పోటీకి 15,000 రూపాయల సంచీతో మనిషిని ఒంటరిగా పంపి, ఓడిపోతే అది అతని చేతగానితనమనడం ఏ న్యాయం? ఒక్కొక్క మేస్త్రీ కొనలేని యంత్రాన్ని యాభై మంది మేస్త్రీల సహకార సంఘం కొనగలదు. ఆ సంఘానికి రుణం ఇమ్మంటేనే బ్యాంకులకు నిబంధనలు గుర్తుకొస్తాయి.

ఆత్మవిమర్శ

ఇంతవరకు యాజమాన్యాలను, ప్రభుత్వాన్ని విమర్శించాము. మనల్ని మనం విమర్శించుకోకుండా ఈ వ్యాసం ముగించడం నిజాయితీ కాదు.

భిలాయిలో ఈ కంపెనీల ఖాతాదారులెవరు? పెద్ద వ్యాపారులు కొందరున్న మాట నిజం. కాని గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము చేతికి రాగానే రిసాలీలోనో జునవానీలోనో ఇల్లు కట్టుకొని మాడ్యులర్ వంటగది పెట్టించుకొనేవారిలో మన సభ్యులు, మన మాజీ సభ్యులు కొల్లలు. మే డే ఊరేగింపులో మొదటి వరుసలో నడిచినవాడే తన ఇంట్లో బిగింపు పనివానితో బిల్లు దగ్గర గీసి గీసి బేరమాడిన సందర్భాలు మాకు తెలుసు. అల్మారా తలుపు సరిగా పడలేదని కంపెనీకి ఫిర్యాదు పంపేటప్పుడు, ఆ కోత ఎవరి కూలిలో పడుతుందో అతను ఆలోచించలేదు. మేము కూడా అతనికి చెప్పలేదు. ఆ మౌనంలో మా బాధ్యత ఉన్నది.

ఇంకొక మాట. ఇంటీరియర్ పని విలాసమని, విలాసపు పనివారి సమస్య కార్మికోద్యమానికి ముఖ్యం కాదని మనలో కొందరు లోలోపల భావిస్తున్నారు. సరుకు విలాసమైనదైతే శ్రమ విలాసమవుతుందా? పట్టుచీర నేసినవాడు పస్తులున్న దేశం మనది. చేనేతకు పట్టిన గతిని కళ్ళారా చూసిన తెలుగు కార్మికోద్యమం వడ్రంగానికి అదే గతి పడుతుంటే "అది మన రంగం కాదు" అనడానికి వీలులేదు.

మన కోర్కెలు

ఉతై, భిలాయి, దుర్గ్ ప్రాంతాల పనివారితో చర్చించి మేము ఈ క్రింది కోర్కెలను రూపొందించాము. తెలుగు రాష్ట్రాలలోని శాఖలు తమ ప్రాంతానికి తగినట్లు వీటిని మార్చుకొని వెంటనే సంతకాల సేకరణ ప్రారంభించాలని కోరుతున్నాము.

1. బిగింపు పనికి చదరపు అడుగు రేటుతోపాటు, ఆ రోజుకు నిపుణ కార్మికుని కనీస వేతనానికి తగ్గని హామీ కూలి ఉండాలి.

2. ఫైలులోని కొలత తప్పయినందువల్ల సైటులో చేయవలసివచ్చే సర్దుబాటు పనికి గంటల లెక్కన వేరే కూలి చెల్లించాలి. కంపెనీ కొలత తప్పుకు కార్మికుని బిల్లులో కోత విధించడాన్ని నిషేధించాలి.

3. పలకలు కోయడానికి ముందు, బిగించబోయే మేస్త్రీ సైటు కొలతను సరిచూసి సంతకం చేసే పద్ధతి పెట్టాలి. ఆ సరిచూపుకు రుసుము ఇవ్వాలి. ఖాతాదారుకు, కంపెనీకి, కార్మికునికి ముగ్గురికీ ఇందులో మేలున్నది.

4. యాప్ ద్వారా పనిచేయించే ఇంటీరియర్ కంపెనీలు సామాజిక భద్రతా కోడ్ క్రింద అగ్రిగేటర్లు తమ టర్నోవరులో 1 నుండి 2 శాతం చెల్లించవలసిన నిధికి బాధ్యులని ప్రభుత్వం స్పష్టంగా ప్రకటించాలి. యాప్‌లోని పనిదినాల లెక్కను సంక్షేమ బోర్డు నమోదుకు రుజువుగా అంగీకరించాలి.

5. కృత్రిమ క్వార్ట్జ్ రాయి పొడికోతను వెంటనే నిషేధించాలి. చెక్క పొడి, సిలికా దుమ్ములో పనిచేసేవారికి ఏటేటా ఉచిత వైద్యపరీక్షలు జరపాలి.

6. వడ్రంగుల సహకార సంఘాలకు ఉమ్మడి యంత్రశాల నెలకొల్పుకొనేందుకు స్థలం, తక్కువ వడ్డీ రుణం ఇవ్వాలి. డిజైను, కటింగ్ లిస్టు సాఫ్ట్‌వేర్‌లో మేస్త్రీలకు వారి భాషలో, తెలుగులోను, హిందీలోను శిక్షణ ఇవ్వాలి.

7. డిజైను కార్యాలయాలలో కొత్త సాఫ్ట్‌వేర్ ప్రవేశపెట్టే ముందు ఉద్యోగులతో సంప్రదింపులు జరపాలి. 1957 నాటి మూడు షరతులను వారికీ వర్తింపజేయాలి.

మన సభ్యులకు ప్రత్యేకంగా ఒక విజ్ఞప్తి. ఇంట్లో ఇంటీరియర్ పని చేయించేటప్పుడు కంపెనీతో వ్రాసుకొనే కాగితంలో బిగింపు పనివానికి చెల్లించే కూలి ఎంతో వ్రాయమనండి. సర్దుబాటు పని జరిగితే ఆ మేస్త్రీ కోరిన కాగితంమీద పనిదినాల సంతకం పెట్టండి. రాయి కోసేవాడు మాస్కు లేకుండా వస్తే పని ఆపించండి. ఇది దయాధర్మం కాదు, వర్గధర్మం.

ఆనాటి సమావేశం ముగిసిన తరువాత మేస్త్రీ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా మేము కదలలేదు. వంకర గోడవైపు అతను చూసే చూపుకు కూలి ఎవరిస్తారు? ఎవరూ తమంతట తాము ఇవ్వరు. అడిగినవారికి కూడా ఒంటరిగా అడిగితే ఇవ్వరు. ఉతైలో సభ్యత్వ పుస్తకం ఆ రాత్రే తెరిచాము. వడ్రంగులు, రంగులవారు, పాలిష్ పనివారు పేర్లు వ్రాయించుకొన్నారు. వెనుక వరుసలో నిలబడి అంతా వింటున్న ఒక డ్రాఫ్ట్స్‌మన్ కుర్రవాడు చివరగా ముందుకు వచ్చి, "నా పేరు కూడా వ్రాయండి" అన్నాడు. ఆ పుస్తకంలో అతని పేరు మేస్త్రీ పేరు క్రిందనే ఉన్నది.

కొలత ఎవరి చేతిలోనుండి పోయిందో ఆ చేతులన్నీ కలిస్తేనే కొలత తిరిగి వస్తుంది. మిగిలిన శాఖలన్నీ తమ సభ్యత్వ పుస్తకాలను ఈ పనివారికోసం తెరవాలని పిలుపునిస్తున్నాము.